తక్కువ ఖర్చులో, వేసుకున్నట్టు తెలియని మేకప్: తరచుగా అడిగే ప్రశ్నలు

కాటుక, పౌడర్ తప్ప ఇంకేమీ ముట్టనివాళ్ల కోసం ఇది. ధరలు హన్మకొండ, వరంగల్, కరీంనగర్ కంగన్ హాళ్లలో (గాజులు, ఫ్యాన్సీ సామాను అమ్మే షాపుల్లో), మందుల షాపుల్లో దొరికే మామూలు సరుకు లెక్కన సుమారుగా వేసినవి. పది, ఇరవై రూపాయలు అటూ ఇటూ ఉంటాయి.

సహజంగా కనిపించాలంటే ఫౌండేషన్ (చర్మం రంగులో ఉండే క్రీమ్) పల్చగా పూస్తే చాలా?

చాలదు. ముఖంలో సగానికి పైగా చర్మం బాగానే ఉంటుంది. రంగు తేడా కనిపించేది కళ్ల కింద, ముక్కు పక్కల, మూతి చుట్టూ, మొటిమలు పోయిన మచ్చల మీద. ఆ నాలుగు చోట్లే కప్పి మిగతాది వదిలేస్తే, ఎదుటివాళ్లకు కనిపించేది మీ చర్మమే. ముఖమంతా ఒకే రంగు లాగితే, ఎంత పల్చగా లాగినా గోడకు సున్నం కొట్టినట్టే ఉంటుంది. పైగా ఆ నాలుగు చోట్లే కప్పితే ఖర్చు కూడా కలిసొస్తుంది. 18 మిల్లీలీటర్ల చిన్న ట్యూబును రోజూ ముఖమంతా పూస్తే నెలా పది రోజులకు ఖాళీ. మచ్చల మీదే అద్దితే నాలుగు నెలలు వస్తుంది.

మొదట ఏమేం కొనాలి? ఎంతవుతుంది?

మొదటి విడతలో నాలుగు చాలు: సన్‌స్క్రీన్ (50 గ్రాములు, 250 దాకా), కాటుక పెన్సిల్ (100 నుంచి 180), కాంపాక్ట్, అంటే చిన్న డబ్బాలో గట్టిగా నొక్కిన రంగు పౌడర్ (120 నుంచి 200), క్రీమ్ రకం లిప్‌స్టిక్ (100 నుంచి 200). మొత్తం 830 లోపే. ఇంట్లో ఉన్న మాయిశ్చరైజరే వాడుకోండి. నెల తర్వాత చేతిలో డబ్బు ఉంటే చిన్న ఫౌండేషన్ ట్యూబు, 250 నుంచి 300. అంత వద్దనుకుంటే 9 గ్రాముల సీసీ క్రీమ్ (ఫౌండేషన్ కంటే పల్చటి రంగు క్రీమ్) వంద చిల్లరకు వస్తుంది. కాకపోతే అందులో షేడ్లు రెండో మూడో ఉంటాయి, ముదురు ఛాయకు నప్పేది దొరకడం కష్టం.

ప్రైమర్ (ఫౌండేషన్ కింద పూసేది), ఫిక్సర్ స్ప్రే (చివర్లో చల్లేది), కాంటూర్ (ముఖం మీద నీడలా పూసే ముదురు రంగు), పన్నెండు బ్రష్షుల సెట్టు ఇప్పుడు వద్దు. ఎగ్జిబిషన్లలో, తోపుడు బండ్ల మీద 250కి నలభై రంగుల డబ్బా అమ్ముతారు, అది అసలే వద్దు. సుద్దపొడిలా రాలుతుంది, రంగు అంటదు. నలభైలో మీరు వాడేవి మూడు.

నా షేడ్ ఏదో ఎలా తెలుసుకోవాలి? షాపాయన ఎప్పుడూ తెల్లదే ఇస్తడు.

ఇస్తాడు. చాలామంది అదే అడుగుతారు కాబట్టి ఒక షేడ్ తెల్లది చేతిలో పెట్టడం అలవాటైపోయింది. అక్కడే ముఖం బూడిద రంగుకు తిరుగుతుంది. లేత షేడ్లలో టైటానియం డయాక్సైడ్ అనే తెల్ల రంగు ఎక్కువ. చామనఛాయ మీద అది తెలుపుగా కాక, బూడిద పూసినట్టు నీలిగా కనిపిస్తుంది.

టెస్టర్‌ను (షాపులో పూసి చూడటానికి పెట్టే నమూనాను) ముంజేతి మీద చూడొద్దు. చేతి రంగు వేరు, ముఖం రంగు వేరు. చెవి కింద నుంచి దవడ మీదుగా మెడ వైపు మూడు గీతలు గీయండి, దగ్గర దగ్గర షేడ్లు మూడు. రుద్దకండి. షాపు బయటికి రండి. లోపలి లైట్ల కింద ఏ షేడైనా బాగానే కనిపిస్తుంది. నీడలో నిలబడి ఫోన్ కెమెరాలో కాకుండా చేతి అద్దంలో చూడండి. పది నిమిషాలు ఆగాక ఏ గీత కనిపించకుండా పోయిందో అదే మీది. రెంటి మధ్య ఎటూ తేలకపోతే ముదురుది తీసుకోండి. మచ్చ మీద అద్దినప్పుడు ముదురు షేడ్ కలిసిపోతుంది, లేతది బొట్టులా ఎత్తి చూపిస్తుంది.

మణికట్టు నరాలు ఆకుపచ్చగా ఉంటే ఒక ఛాయ, నీలంగా ఉంటే ఇంకో ఛాయ అని వీడియోల్లో చెప్పే లెక్క ముదురు చర్మం మీద సరిగ్గా పనిచేయదు, నరాలే కనిపించవు. దాని బదులు రెండు పాత బట్టలు, ఒకటి తెల్లటి తెలుపు, ఒకటి మీగడ రంగు, గడ్డం కింద పట్టుకుని చూడండి. మీగడ రంగు దగ్గర ముఖం తేటగా ఉంటే పసుపు ఛాయ ఉన్న షేడ్లు నప్పుతాయి. మన వైపు చాలామందికి అవే నప్పుతాయి.

ఎండలో తిరిగే వాళ్లకు నుదురు, బుగ్గలు మెడ కంటే నల్లగా ఉంటాయి. అప్పుడు నుదుటికీ మెడకీ మధ్యలో పడే షేడ్ ఎంచుకోవాలి.

పూసినప్పుడు బాగుంది, గంటకు నల్లబడ్డది. ఎందుకు?

చర్మం మీది నూనె, చెమట ఫౌండేషన్‌లోని రంగు పొడితో కలిసి ముదురుతుంది. పది నిమిషాలు ఆగి చూడమన్నది ఇందుకే. ఇప్పటికే కొనేసి ఉంటే, పూసే ముందు ముక్కు, నుదురు టిష్యూతో అద్ది జిడ్డు తీయండి, పూసేది సగం చేయండి.

రోజువారీ మేకప్ వరుస ఏమిటి?

చేతి పని పది నిమిషాలే. మధ్యలో ఆగే సమయం వేరు.

ముఖం కడిగి, తువ్వాలతో రుద్దకుండా అద్దండి. కాస్త తడి ఉండగానే బఠాణీ గింజంత మాయిశ్చరైజర్ రాయండి. జిడ్డు చర్మమైనా మానొద్దు, మానితే ఫౌండేషన్ పొడి చోట్ల పట్టుకుని పొరలు పొరలుగా కనిపిస్తుంది. తర్వాత సన్‌స్క్రీన్, ఎస్‌పీఎఫ్ (ఎండ నుంచి ఎంత కాపాడుతుందో చెప్పే అంకె) 30 లేదా అంతకంటే ఎక్కువది. చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా రెండు గీతలు పిండితే ముఖానికీ మెడకూ సరిపోతుంది. అది ఒకేసారి పూస్తే జారుతుంది, ఒక్కో వేలిది ఒక్కోసారి పూయండి. ఇప్పుడు పది నిమిషాలు వదిలేయండి. చీర కుచ్చిళ్లు పెట్టుకోవడానికో జడ అల్లుకోవడానికో ఇదే సమయం. ఆగకుండా పైన ఇంకోటి రుద్దితే రబ్బరు పొడిలా చిన్న చిన్న వత్తులు లేస్తాయి. అవి లేచాయంటే సర్దడానికి వీలుండదు, కడిగి మళ్లీ మొదలుపెట్టాలి.

ఫౌండేషన్ కందిపప్పు బద్దంత ఎడమ చేతి వెనక వేసుకోండి. ఉంగరం వేలి కొసతో తీసి మచ్చల మీద, ముక్కు పక్కల, మూతి మూలల్లో అద్దండి. రుద్దితే పక్కకు జరిగిపోతుంది, అద్దితే అక్కడే కూర్చుంటుంది. మచ్చ నడుమ కదపకుండా అంచులను మాత్రం చర్మంలోకి కలపండి.

తర్వాత చెంపల రంగు, లిప్‌స్టిక్‌తోనే. లిప్‌స్టిక్‌ను చెంపకు నేరుగా ముట్టించొద్దు. చేతి వెనక రెండు గీతలు గీయండి. వాటి మీద ఉంగరం వేలు తిప్పండి. వేలికంటిన రంగును చేతి మీదే ఇంకో చోట రెండుసార్లు అద్ది తగ్గించండి. వేలికి ఇంకా మిగిలిందే చెంపకు. నవ్వినప్పుడు ఉబ్బే చోటుకు కొంచెం పైన మొదలుపెట్టి చెవి వైపు అద్దుకుంటూ వెళ్లండి. ముక్కుకు రెండు వేళ్ల దూరం వదిలేయాలి. అద్దంలో ‘ఇంకాస్త’ అనిపించిన చోట ఆపేయండి, బయట వెలుతురులో అది సరిపోతుంది. పూసిన నిమిషంలో గట్టిపడే మ్యాట్ లిక్విడ్ రకం దీనికి పనికిరాదు, మరకలా నిలిచిపోతుంది.

కాంపాక్ట్ ఆ తర్వాతే. పొడి మీద క్రీమ్ పూస్తే ముద్దలు కడుతుంది, అందుకని క్రీములన్నీ అయ్యాకే పొడి. పఫ్‌ను కాంపాక్ట్ మీద ఒక్కసారి అద్ది, చేతి మీద దులిపి, నుదురు మధ్య, ముక్కు, గడ్డం, కళ్ల కింద నొక్కండి. చెంపలకు వద్దు. అక్కడి కొద్దిపాటి మెరుపే చర్మాన్ని చర్మంలా చూపిస్తుంది.

కాటుక, లిప్‌స్టిక్ చివర్లో.

కాంపాక్ట్ బదులు ఇంట్లో ఉన్న టాల్కం పౌడర్ వాడొచ్చా?

వాడొచ్చు, జిడ్డు ఆపే పని అదీ చేస్తుంది. కానీ తెల్లది కాబట్టి చిటికెడు దాటితే బూడిదే. మెత్తటి బ్రష్‌తో ముక్కు, గడ్డం మీద మాత్రమే వాడండి. డబ్బాను ముఖం దగ్గర దులపకండి, ఊపిరితో లోపలికి పోతుంది.

కళ్ల కింద నలుపు ఎంత పూసినా పోవట్లేదు.

నీలి నలుపు మీద చర్మం రంగు ఎంత పూసినా బూడిదే వస్తుంది. ముందు నారింజ రంగుతో ఆ నీలాన్ని కొట్టేయాలి. నారింజ కరెక్టర్ అని చిన్న డబ్బాలు 150 నుంచి 250కి దొరుకుతాయి. ఆవగింజంత తీసుకుని, నలుపు ఉన్న చోటే, కంటి లోపలి మూల నుంచి సగం దాకా అద్దండి. దాని మీద ఫౌండేషన్ ఇంకో ఆవగింజంత. నారింజ లిప్‌స్టిక్‌తో ఇదే పని చేసేయమని చాలా చోట్ల చెబుతారు. పెదాలకని చేసిన రంగులన్నీ కంటి దగ్గరకు సరిపడవు, కొందరికి మంట, దురద వస్తాయి. వద్దనే మా మాట.

కన్ను లోతుగా ఉండి నీడ పడుతుంటే ఏ క్రీమూ దాన్ని తీయదు. వెలుతురుకు ఎదురుగా కూర్చుని చూసుకోండి. నలుపు తగ్గితే అది నీడ, డబ్బు దండగ చేసుకోవద్దు.

కాటుక మధ్యాహ్నానికి కిందికి కారి, పాండా మొహం అవుతోంది.

కింది రెప్ప తడిగా ఉండగా గీయడం ఒక కారణం, కంటి కింద క్రీమ్ జిడ్డు రెండోది. ఇయర్ బడ్‌తో రెప్ప అంచును మెల్లగా ఒత్తి తుడవండి. గీశాక రెప్ప కింద కాంపాక్ట్ నొక్కండి. బయటి మూడో వంతులోనే గీసి లోపలి మూల వదిలేస్తే కారేది తగ్గుతుంది, కన్ను పెద్దగానూ కనిపిస్తుంది. అప్పటికీ కారితే కింద మానేసి పై రెప్ప వెంట్రుకల మొదళ్లలో మాత్రం చుక్కలు చుక్కలుగా నింపండి. సహజంగా కనిపించడానికి నిజానికి ఇదే మేలు.

బజారులో విడిగా, లేబుల్ లేకుండా దొరికే సుర్మాకు దూరంగా ఉండండి. కొన్నింట్లో సీసం ఉంటుంది. పిల్లల కళ్లకు అసలే వద్దు. కళ్ల కలక ఉన్నప్పుడు వాడిన పెన్సిల్‌ను పడేయాల్సిందే. ఇంట్లో అందరికీ ఒకే పెన్సిల్ ఉంటే ఒకరి కలక అందరికీ.

కనుబొమలు?

ముదురు గోధుమ రంగు పెన్సిల్, నల్లది కాదు. ఖాళీలున్న చోటే వెంట్రుకంత గీతలు. ముక్కు వైపు మొదలును గీయకుండా వదలాలి. పార్లర్‌లో థ్రెడింగ్ లగ్గానికి రెండు రోజుల ముందే చేయించుకోండి. అదే రోజు చేయించుకుని పైన క్రీములు పూస్తే ఎర్రటి పొక్కులు లేస్తాయి.

నా పెదాలు నల్లగా ఉంటాయి. న్యూడ్ లిప్‌స్టిక్ వేస్తే జబ్బు చేసినట్టు ఉంది.

న్యూడ్ అంటే చర్మం రంగులో కలిసిపోయేది. అలా అమ్మే షేడ్లలో చాలావరకు తెల్ల చర్మానికి న్యూడ్. మీకు కావాల్సింది మీ పెదాల రంగు కంటే ఒక మెట్టు ఎరుపు ఉన్నది: ఇటుక రంగు, గోధుమ కలిసిన గులాబీ, ముదురు రేగుపండు రంగు. లిప్‌స్టిక్ కడ్డీతో నేరుగా గీయకుండా వేలితో పెదవి మధ్యలో అద్ది అంచుల వైపు పల్చబరచండి. లిప్‌స్టిక్ వేసినట్టు తెలియదు, పెదవే ఆ రంగు అనుకుంటారు. పై పెదవి నలుపు, కింది పెదవి గులాబీ ఉన్నవాళ్లు పై పెదవికి రెండుసార్లు అద్దండి.

మే నెల లగ్గాలు. టెంటు కింద గంటలోనే అంతా కారిపోతుంది.

వరంగల్‌లో మే ఎండ 42 డిగ్రీలు దాటడం మామూలే, రామగుండం, మంచిర్యాల వైపు ఇంకా ఎక్కువ. ఆ వేడిలో ఏదీ నిలవదు అనుకునే మొదలుపెట్టండి. పొరలు తగ్గించడమే మార్గం: సన్‌స్క్రీన్, మచ్చల మీద ఫౌండేషన్, కాంపాక్ట్, అంతే. మొదలుపెట్టే ముందు ఐసు ముక్కను బట్టలో చుట్టి ముఖం మీద ఒక నిమిషం తిప్పి, తుడిచి, ఫ్యాన్ కింద చెమట పూర్తిగా ఆరాక పూయండి. చెమట మీద పూసింది చెమటతోనే పోతుంది.

పర్సులో పలుచటి టిష్యూలు నాలుగు, కాంపాక్ట్. చెమట పడితే టిష్యూను ముఖం మీద పరిచి నొక్కి తీయండి. చీర కొంగుతో తుడిచారా, ఆ చారే కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ముందు చెమట తీశాకే పొడి. తడి మీద పొడి వేస్తే పిండి ముద్దలా అతుక్కుంటుంది.

సద్దుల బతుకమ్మ నాడు కూడా ఇదే పద్ధతి, వేయిస్తంభాల గుడి దగ్గరైనా ఊరి చెరువుగట్టు మీదైనా. ఆటలో చేతులు ముఖానికి తగులుతూనే ఉంటాయి కాబట్టి చెంపల రంగు ఒక అద్దు ఎక్కువేసుకోవచ్చు. మేడారం జాతరకైతే ఆ దుమ్ములో సన్‌స్క్రీన్, కాటుక చాలు. మిగతావి ఇంట్లో పెట్టి వెళ్లండి.

స్కూటీ డిక్కీలో లిప్‌స్టిక్ వదలొద్దు. ఎండకు కరిగి, చల్లారాక గింజలు గింజలుగా అవుతుంది.

ఫౌండేషన్ మీద స్టిక్కర్ బొట్టు నిలవట్లేదు.

బొట్టు చోటు, రూపాయి బిళ్ల అంత, ఏదీ పూయకుండా వదిలేయండి. పూసేసి ఉంటే పొడి టిష్యూతో గట్టిగా తుడిచి, బొట్టు పెట్టి పది లెక్కపెట్టేదాకా నొక్కండి. కుంకుమ పెట్టేవాళ్లు ముందు వ్యాజిలిన్ చుక్క పెట్టి దాని మీద కుంకుమ అద్దితే కారదు.

బొట్టు చోట దురద వచ్చినా, తెల్లబడుతున్నట్టు అనిపించినా స్టిక్కర్లు వెంటనే ఆపండి. కొన్ని స్టిక్కర్ల జిగురులో ఉండే పారా టెర్షియరీ బ్యుటైల్ ఫినాల్ అనే రసాయనం చర్మం రంగును పోగొడుతుంది. చర్మ డాక్టర్‌కు చూపించాల్సిన విషయమది.

పసుపు ఫంక్షన్ మర్నాడు మేకప్ నప్పలేదు. ఏం చేయాలి?

నలుగు, పసుపు రుద్దిన ముఖానికి ఒకటి రెండు రోజులు పచ్చదనం ఉంటుంది, మీ మామూలు షేడ్ తెల్లగా తేలుతుంది. రాత్రే కొబ్బరినూనె రాసి, ఐదు నిమిషాలాగి దూదితో తుడిచి, ఫేస్‌వాష్‌తో కడగండి. వట్టి సబ్బుకు పసుపు సరిగ్గా వదలదు.

స్కూటీ మీద చున్నీ చుట్టుకుంటే అంతా బట్టకే అంటుతోంది.

కాలేజీకో ఆఫీసుకో చేరాకే లిప్‌స్టిక్ వేసుకోండి. మిగతాదానికి బయల్దేరే ముందు ముఖం మీద ఒక టిష్యూ నొక్కితే, బట్టకు అంటాల్సింది టిష్యూకే అంటుతుంది. చున్నీ రోజూ ఉతకాలి. బుగ్గల మీద, గడ్డం కింద వరసగా మొటిమలు లేస్తుంటే మేకప్ కన్నా ముందు మాసిన చున్నీని, హెల్మెట్ లోపలి మెత్తను అనుమానించండి.

ఫోటోల్లో ముఖం తెల్లగా, మెడ నల్లగా వచ్చింది.

ఫ్లాష్ వెలుగును తెల్ల పొడి వెనక్కి కొడుతుంది. జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ ఎక్కువున్న సన్‌స్క్రీన్, దాని మీద తెల్లటి లూజ్ పౌడర్ (నొక్కకుండా విడిగా ఉండే పొడి) కలిస్తే ఇలాగే వస్తుంది. రాత్రి దావత్‌లకు సన్‌స్క్రీన్ మానేయండి, రంగున్న కాంపాక్ట్ వాడండి. బయల్దేరే ముందు చీకటి గదిలో ఫ్లాష్‌తో ఒక ఫోటో తీసి చూసుకోండి.

బ్రష్షులు, స్పాంజీ తప్పనిసరా?

ఈ పద్ధతికి వేళ్లు చాలు. వేలి వేడికి క్రీమ్ కరిగి బాగా కలుస్తుంది. స్పాంజీ కొంటే నీళ్లలో ముంచి, తువ్వాలలో గట్టిగా పిండి వాడండి, పొడి స్పాంజీ సగం ఫౌండేషన్ తాగేస్తుంది. వారానికోసారి సబ్బుతో కడిగి గాలికి ఆరబెట్టాలి. తడిగా డబ్బాలో మూసిపెడితే బూజు పడుతుంది.

మందుల షాపులో ఇచ్చిన క్రీమ్‌తో ముఖం తేటగా అయింది. దాని మీద మేకప్ వేసుకోవచ్చా?

ముందు ఆ ట్యూబు మీద పేరు చదవండి. బీటామెథసోన్, క్లోబెటాసోల్, మొమెటాసోన్ అని ఉంటే అది స్టెరాయిడ్, డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడని మందు. మొదటి వారాల్లో ముఖం తేటపడుతుంది. నెలల తరబడి వాడితే చర్మం పల్చబడి నరాలు కనిపిస్తాయి, మొటిమలు, నూగు వెంట్రుకలు లేస్తాయి, ఎండకు మండుతుంది. ఒక్కసారిగా ఆపితే ముఖం ఎర్రగా ఉబ్బుతుంది కాబట్టి ఎలా ఆపాలో చర్మ డాక్టరే చెప్పాలి. పేరూ లేబులూ లేని డబ్బాల్లో వచ్చే తెల్లబరిచే క్రీముల్లో పాదరసం కూడా ఉండొచ్చు.

నకిలీ సరుకును ఎలా గుర్తుపట్టాలి? పాతవి ఎన్నాళ్లు వాడొచ్చు?

తయారీదారు పేరు, చిరునామా, బ్యాచ్ నెంబరు, లైసెన్స్ నెంబరు, ఏ నెల దాకా వాడాలో ఇవన్నీ డబ్బా మీద ఉండాలి. దేశంలో ప్రస్తుతం నడిచేవి 2020 నాటి కాస్మెటిక్స్ రూల్స్. అక్షరాలు గోకితే ఊడొస్తున్నా, 500 ఎమ్మార్పీ ఉన్నది 80కి ఇస్తున్నా వదిలేయండి. మూత తెరిచిన డబ్బా బొమ్మలో 12ఎం అని ఉంటే తెరిచాక పన్నెండు నెలలని అర్థం. మస్కారా (రెప్ప వెంట్రుకలకు పూసే రంగు) మూడు నుంచి ఆరు నెలలు, అంతకంటే లాగొద్దు. వాసన మారినా, నూనె విడిపోయి పైకి తేలినా తేదీ చూడక్కర్లేదు, పడేయండి.

కొత్తది నాకు పడుతుందో లేదో?

చెవి వెనక చిన్న చుక్క పెట్టి రెండు రోజులు చూడండి. లగ్గం రోజు పొద్దున ఏదీ మొదటిసారి ముఖానికి ముట్టించొద్దు.

ఇంట్లో ‘ముఖానికేం పూసుకున్నవ్’ అని పట్టేస్తున్నరు. ఎక్కడ దొరికిపోతున్న?

దొరికించేవి మూడు చోట్లు. చెవి పక్కన, వెంట్రుకల మొదళ్ల దగ్గర ఆగిపోయిన తెల్ల గీత. కనుబొమల నలుపు. ముక్కు రెక్కల మడతల్లో పేరుకున్న ముద్ద. కిటికీ వైపు ముఖం పెట్టి, అద్దాన్ని ముందు ఎడమ పక్క నుంచి, తర్వాత కుడి పక్క నుంచి పట్టుకుని ఈ మూడూ చూసుకోండి. ఎక్కువైన చోట శుభ్రమైన తడి వేలితో నొక్కితే దిగుతుంది.

రాత్రి ఎలా తీయాలి?

పొడి ముఖం మీద, పొడి చేతులతో అర చెంచా కొబ్బరినూనె నిమిషం పాటు తిప్పండి, కళ్లు మూసి కాటుక మీద కూడా. తడి బట్టతో తుడిచి, ఫేస్‌వాష్‌తో కడగండి. మొటిమలు ఎక్కువున్నవాళ్లకు కొబ్బరినూనె రంధ్రాలను మూసేస్తుంది, వాళ్లు మైసెల్లార్ వాటర్ (దూదితో మేకప్ తుడిచే నీళ్ల లాంటి ద్రవం) వాడటం మేలు, వంద మిల్లీలీటర్ల సీసా చాన్నాళ్లు వస్తుంది. దూది మీద రంగు కనిపించనిదాకా తుడవండి. దవడ కింద, చెవుల పక్కన ఎక్కువగా మిగిలిపోతుంది.